మెర్ల్ ట్రావిస్ పద్ధతిలో బేస్ మెలొడీని మింగేస్తుంటే

గిటార్‌పై బొటనవేలితో బేస్ (మంద్ర స్వరాలు), చూపుడువేలితో మెలొడీ (పాట వరస) కలిపి వాయించే ట్రావిస్ పద్ధతిలో, బొటనవేలి బేస్‌లో మెలొడీ మునిగిపోతోందని, రెండూ కలిపితే లయ తప్పుతోందని అడిగారు కదా. ముందు కుడి అరచేయి చూసుకోండి. దాని అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటిపై తీగలు బిగించే భాగం) మీద, తీగలు శాడిల్ (బ్రిడ్జిపై తీగలు ఆనే సన్నని పట్టీ) దాటే చోటే ఆనాలి; 6, 5, 4 తీగలకే (లావు తీగలు మూడింటికే) తగలాలి. కాస్త ముందుకు జరిగిందా, బేస్ స్వరం చచ్చి టక్‌టక్‌మంటుంది. 3వ తీగకు తగిలితే మెలొడీ కూడా మూగబోతుంది.

లయ కోసం E మేజర్ కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) పట్టి, మెట్రోనోమ్ (టిక్కులతో లయ చూపే పరికరం) నిమిషానికి 60 టిక్కులకు పెట్టి, బొటనవేలితో 6-4-5-4 తీగలు మీటండి, టిక్కుకు ఒకటి చొప్పున. పక్కవాళ్లతో మాట్లాడుతున్నా అది ఆగకూడదు. అప్పుడు చూపుడువేలితో 1వ తీగ కలపండి: మొదట 6తో పాటే, తర్వాత రెండు టిక్కుల మధ్య. చాలామందికి తప్పేది ఈ రెండోదే, వేలు కదలగానే బొటనవేలూ దాని వెంట పోతుంది. వేగం 45కి దించండి.

వేళ్లు చాలవనుకోకండి. 1917లో కెంటకీలో పుట్టిన ట్రావిస్ ఎక్కువగా బొటనవేలు, చూపుడువేలితోనే అంత సంగీతం పలికించారు! ఆయన్ని రేడియోలో విన్న గిటారిస్టు చెట్ ఆట్కిన్స్ ఇంకా ఎక్కువ వేళ్లు వాడుతున్నారనుకుని, ఎక్కువ వేళ్లతోనే తన పద్ధతిని పెంచుకున్నారు.

థంబ్‌పిక్ (తీగలు మీటడానికి బొటనవేలికి తొడిగే పిక్) కొన తీగకు తట్టుకుంటుంటే గోళ్ల ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయండి. ఒకేసారి ఎక్కువ తీస్తే పిక్ పనికిరాదు.