వేలం వేసిన బండి డబ్బు ఎవరికి?

ప్రశ్న: మాది ఏటూరునాగారం దగ్గర ఊరు. మా బామ్మర్ది నా బొలెరో అడిగి తీసుకెళ్లి, దుప్పి మాంసంతో ఫారెస్టు వాళ్లకు దొరికాడు. బండి రేంజ్ ఆఫీసు ముందు ఎండుతోంది, ఫైనాన్స్ ఇంకా తీరలేదు. వేలం వేస్తారంటున్నారు, ఆ డబ్బులో నాకేమైనా వస్తుందా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి, బండి పట్టుకున్నంత మాత్రాన అది సర్కారుది అయిపోదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్‌లో నేరానికి వాడిన వాహనం ప్రభుత్వ ఆస్తి అని ఉన్నది నిజమే గానీ, నేరానికి వాడారని కోర్టు తేల్చాకే అది వర్తిస్తుందని మధుకర్ రావు కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది, ఈలోగా బండిని తాత్కాలికంగా ఓనరుకు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని కూడా.

ఇక డబ్బు. శిక్ష పడి, 51వ సెక్షన్ కింద బండిని జప్తు చేస్తూ కోర్టు ఆర్డర్ వేస్తే, వేలంలో ఎంత పలికినా అది రాష్ట్ర ప్రభుత్వానికే. మీకు పైసా రాదు, పైగా బండి పోయినా ఈఎంఐలు ఆగవు. తీర్పుకు ముందే, పాడైపోతోందని కోర్టు అమ్మిస్తే మాత్రం లెక్క వేరు. బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం) 498వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బు బండి స్థానంలో ఉన్నట్టే, కేసు కొట్టేస్తే మీరు అడగొచ్చు. అలాంటి అమ్మకం తప్పదనిపిస్తే, కేసు తేలేదాకా ఆ మొత్తాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించమని పిటిషన్ పెట్టండి.

అసలు అక్కడిదాకా రానివ్వకండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ కాగితాలు పట్టుకుని వెంటనే మేజిస్ట్రేటు కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 497, 503 కింద కస్టడీ పిటిషన్ వేయించండి, ష్యూరిటీ అడుగుతారు, సిద్ధంగా ఉండండి. "నాకు తెలియదు సార్" అంటే సరిపోదు, ఏ పనికని బండి అడిగాడో, తాళం ఎవరిచ్చారో చూపించాలి, బామ్మర్ది పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంటే డిలీట్ చేయకండి.

పంచనామాలో ఏ సెక్షన్లు రాశారో కూడా చూడండి. మాంసంతో పాటు కలప కూడా దొరికిందని తెలంగాణ అటవీ చట్టం 44 పెట్టి ఉంటే దారే మారిపోతుంది, అక్కడ శిక్ష పడకముందే అధికారి బండిని జప్తు చేయగలరు, నోటీసుకు గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి.

అన్నట్టు, దొరికిన మాంసం, చర్మం, కొమ్ములు వేలానికి రావు, వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ దాన్ని ఒప్పుకోదు. ఆఫీసు నుంచి కొమ్ములు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, రెండో కేసు మీ మీద పడుతుంది.