దెయ్యం పేరు చెప్పకూడదు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి చదివాను. భీమిలి బాగా రాశావు. ఇక అసలు సంగతి. 27వ అధ్యాయంలో సమాధుల దగ్గర డచ్చి దొరసాని దెయ్యం వచ్చి నాయిక చెవిలో హంతకుడి పేరు చెప్పేసింది. దానికి తెలుగెలా వచ్చిందో సరే, 26 అధ్యాయాలు ఓపిగ్గా వెంట నడిచిన పాఠకుడి సంగతేమిటి?

ఒళ్ళెందుకు మండిందంటే, నాలుగో అధ్యాయంలో ఇనప్పెట్టె తాళంచెవి దాచిన ఖాళీ ఊరగాయ జాడీ ఉంది. బామ్మ జాడీ మూతికి కట్టే వాసెనకి ఎప్పుడూ జారుముడే వేస్తుంది. ఆవిడ పోయిన మర్నాడు ఆ గుడ్డకి వలలు అల్లేవాళ్ళ ముడి ఉంది. సముద్రం మొహమే ఎరగనని చెప్పుకునే మేనేజరు ఇంట్లోనే తిరుగుతున్నాడు. అంత మంచి ఆనవాలు చేతిలో పెట్టుకుని మళ్ళీ ఆ జాడీ ఊసే ఎత్తలేదు!

1929లో ఇంగ్లీషు రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకి పెట్టిన పది నియమాల్లో రెండోది అతీంద్రియ శక్తులు కూడదని. నేనంత ఛాందసుణ్ణి కాను, దెయ్యాన్ని ఉండనీ. కానీ అది కళ్ళారా చూసిందే చెప్పాలి, చూసినదాని అర్థం దానికి తెలియకూడదు. ‘మంటలేని దీపం పట్టుకుని ఒకడు కొట్టుగదిలోకి పోయాడు’ అంటే చాలు. అది సెల్‌ఫోన్ లైటని నాయిక పోల్చుకోవాలి, రుజువు మనుషులే వెతకాలి. దెయ్యం గోడ దాటగలదా, ఎవరికి కనిపిస్తుంది అన్నవి రెండో అధ్యాయంలోపే తేల్చెయ్. తర్వాత మార్చకు.

ముడిని మూడు చోట్ల నాటు. మొదట బామ్మ వాసెన కడుతుంటే, మామూలు ఇంటిపనిలా. మారిన ముడిని మాత్రం ప్రేమ సన్నివేశంలో దాచు: ఎస్సై జాడీ అందిస్తుంటే నాయిక వేళ్ళు తగిలినప్పుడు. పాఠకుడు వేళ్ళు చూస్తాడు, ముడి చూడడు. మూడోసారి మేనేజరు పార్సిలు కడుతూ అదే ముడి వేయాలి. ఈ నవల్లో ప్రేమకి ఉద్యోగం అదీ. ఇప్పుడున్నట్టు మూడు అధ్యాయాలు వానలో తడవడం కాదు.

బామ్మ శవం 96వ పేజీలో దొరికింది, 30లోపు తీసుకురా. ఎస్సై పంచనామా లేకుండానే శవాన్ని అప్పగించేశాడు! అనుమానాస్పద మృతికి శవ పంచనామా జరగాలి, సాక్షులుగా పంచుల సంతకాలుండాలి. 2024 జూలై 1 నుంచి అది కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194వ సెక్షన్, పాత చట్టం సీఆర్‌పీసీ 174 అని రాయకు. శవం హాల్లో ఉంది గనక కొట్టుగది జోలికెవరూ పోలేదని ఒక్క వాక్యం వేస్తే జాడీ పోలీసుల చేతికి పోకుండా మిగులుతుంది.

వారపత్రికల రోజుల్లో సీరియల్ నీరసపడితే ‘ఓ దెయ్యాన్ని దించండి’ అనే సంపాదకులుండేవారు. ఇప్పుడు కథల యాప్‌లవాళ్ళదీ అదే పాట. ఆనవాళ్ళు లెక్కపెట్టే ఓపిక ఎవడికీ లేదు. వాళ్ళ మాట వినే 27వ అధ్యాయం రాశావని నా అనుమానం.

అది కొట్టేసి, ఎవరు ఏ వేళకి ఏ గదిలో ఉన్నారో ఒక కాగితం మీద గీసుకో. దెయ్యానికీ ఓ గడి పెట్టు. ఆ కాగితం ముందు పంపు. ముఖచిత్రం ఎవరిచేత వేయించాలని అడిగావు, దానికిప్పుడేం తొందర?