మా అమ్మాయి ట్రెక్ లీడర్ అవుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయనకి ఎరువుల దుకాణం ఉంది. మా పాప ఈ ఏడాది బీఎస్సీ పూర్తి చేసింది. ఎన్‌సీసీలో ఉండగా భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది, తర్వాత ఉత్తరకాశీ వెళ్లి పర్వతారోహణలో బేసిక్ కోర్సు ఏ గ్రేడ్‌తో చేసొచ్చింది. ఇప్పుడు డెహ్రాడూన్‌లో ఒక ట్రెక్కింగ్ కంపెనీ ట్రైనీ ట్రెక్ లీడర్‌గా తీసుకుంటామంటోంది. ఎంబీఏ చేయమంటే వినట్లేదు. వాళ్ల నాన్న దానితో మాట్లాడటం మానేశారు. బంధువులేమో మగవాళ్లతో కొండలు పట్టుకు తిరిగే ఉద్యోగం ఏంటి అంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. పంపమంటారా, వద్దంటారా?

జవాబు: అమ్మా, పంపమనే నేను చెప్తాను. కాకపోతే ఈ కంపెనీకే, ఈ నెలలోనే పంపాలా అన్నది వేరే సంగతి, దానికి మీరూ పాపా కూర్చుని కొన్ని విషయాలు తేల్చుకోవాలి, అవేంటో కింద రాస్తున్నాను.

ముందు ఆ ఏ గ్రేడ్ గురించి. ఉత్తరకాశీలోని నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో బేసిక్ కోర్సు అంటే దాదాపు నాలుగు వారాలు బరువైన బ్యాగు వీపున వేసుకుని రాతి మీద, మంచు మీద నడవడం. అందరికీ ఏ గ్రేడ్ రాదు. అది వస్తేనే అడ్వాన్స్ కోర్సుకి అర్హత, అందులోనూ ఏ గ్రేడ్ వస్తే ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేయొచ్చు. అంటే మీ పాప సరదా పడి తిరిగి రాలేదు, ఒక వృత్తికి మొదటి మెట్టు ఎక్కి వచ్చింది. ఈ మాట మీ బంధువులకి కాదు, ముందు మీ ఆయనకి చెప్పండి.

మీకు మాలావత్ పూర్ణ గురించి చెప్పక్కర్లేదు, మీ జిల్లా పాకాల అమ్మాయే. 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, ఆ రోజు తోడున్నది ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. పూర్ణ కూడా భువనగిరి గుట్ట మీదే మొదలుపెట్టింది. అందరూ ఆ పిల్ల ధైర్యం గురించి మాట్లాడతారు, నిజమే, కానీ వెనక సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది, కోచ్ శేఖర్‌బాబు ఉన్నారు, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించారు, కూలి పనికి వెళ్లే అమ్మానాన్నలు సరేనన్నారు. మీ పాపకి అలా వెనక నిలబడే మనుషులు కంపెనీలో ఎవరున్నారు, ఇంట్లో ఎవరున్నారు అన్నది మీరు చూడాలి. ఈ రంగంలో ఆడపిల్లలు నిలబడేదీ మానేసేదీ ఎక్కువగా అక్కడే, నేను చూసినంతలో.

నాలుగేళ్ల కిందట విశాఖ వైపు అమ్మాయి ఒకరు నా దగ్గరికి వచ్చింది. రెండు సీజన్లు ట్రెక్ లీడర్‌గా చేసి, ఆఫీసు ఉద్యోగం చూపించమని అడిగింది. కొండలు కష్టమయ్యాయా అంటే, "కొండ కాదు మేడం" అని తన బ్యాగు తీసి టేబుల్ మీద ఒక్కొక్కటీ పెట్టింది. వాకీటాకీ, విజిల్, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసేందుకు వేలికి పెట్టే ఆక్సీమీటర్, మాత్రల డబ్బా, జిప్ కవర్లో ప్యాడ్స్, వాడినవి చుట్టి కిందికి మోసుకొచ్చేందుకు పాత పేపర్లు. దారిలో చాటు ఉండదని పొద్దున ఆరు నుంచి క్యాంపు చేరేదాకా నీళ్లు తాగడం మానేసిందట, వెంట వచ్చినవాళ్లకి మాత్రం రోజుకి నాలుగు లీటర్లు తాగండని తనే చెప్పేది. రెండుసార్లు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఇంకో టాయిలెట్ టెంట్ అడిగితే బరువు అన్నారట. వంటవాళ్లూ గైడూ పడుకునే టెంట్‌లోనే ఒక మూల చోటిచ్చారు.

అదీ ఓర్చుకుంది. మాన్పించింది వేరే. ఒక రాత్రి పై క్యాంపులో ట్రెక్‌కి వచ్చిన ఒకాయనకి తలనొప్పి, వాంతులు, అడుగు తడబడుతోంది, ఆక్సీమీటర్ 66 చూపిస్తోంది. ఎత్తు పడకపోతే మందులిచ్చినా ఆక్సిజన్ పెట్టినా అసలు వైద్యం కిందికి దించడమే, ఆలస్యం చేస్తే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఈ అమ్మాయి ఇప్పుడే దిగాలంది. ఆయన "నాకేం కాలేదు, సీనియర్ సార్ ఎవరైనా ఉంటే పిలువు" అన్నాడు. అప్పుడు అక్కడి ఊరి గైడు, యాభై ఏళ్లాయన, ఏమీ వాదించకుండా బూట్లు వేసుకుని, తలకి లైటు కట్టుకుని, "దీదీ చెప్పిందే జరుగుద్ది" అని హిందీలో అని ఆయన్ని లేపాడట. అర్ధరాత్రి దాకా నడిపించి కింది క్యాంపుకి చేర్చారు. తెల్లారేసరికి ఆయన టీ తాగుతున్నాడు. ఆ కస్టమర్ ఇంటికెళ్లి ట్రెక్ పాడైంది, డబ్బు వెనక్కివ్వండని ఫిర్యాదు పెట్టాడు, కంపెనీ వాళ్లు డబ్బిచ్చేసి ఈ అమ్మాయితో "కస్టమర్‌తో కొంచెం సర్దుకుపోవాల్సింది" అన్నారు. ఆ మాట చెప్తూ ఏడ్చింది నా ముందు.

నేను ఆఫీసు ఉద్యోగం చూపించలేదు, కంపెనీ మారమన్నాను. మారింది. ఇప్పుడున్న చోట లీడర్ దించమంటే దించడమే, పై నుంచి ఎవరూ ప్రశ్నించరు. మొన్న అడ్వాన్స్ కోర్సు కూడా పూర్తి చేసింది.

కాబట్టి పాప చేత ఆ కంపెనీకి మెయిల్ పెట్టించండి. అడగడానికి మొహమాటపడొద్దు, సరైన కంపెనీ అయితే ఈ ప్రశ్నలు అడిగే మనిషినే ఇష్టపడుతుంది. మీ దగ్గర ఆడ ట్రెక్ లీడర్లు ఎంతమంది, వాళ్లలో రెండేళ్లు దాటి ఉన్నవాళ్లు ఎవరు, ఒకరితో ఫోన్లో మాట్లాడొచ్చా? ప్రతి క్యాంపులో ఆడవాళ్లకి విడిగా టెంటూ టాయిలెట్ టెంటూ ఉంటాయా? నెలసరి రోజుల్లో పై ట్రెక్ వద్దంటే బ్యాచ్ మార్చుకునే వీలుందా, జీతం కోస్తారా? కస్టమర్‌ని వెనక్కి పంపే అధికారం లీడర్‌కి ఉందా, ఆ సంగతి కస్టమర్ బుకింగ్ చేసుకునేటప్పుడే రాసి చూపిస్తారా? ఈ చివరి ప్రశ్నకి నీళ్లు నమిలితే వేరే కంపెనీ చూసుకోండి. పాప ఒక్కతే ఆడపిల్ల అయితే కనీసం మొదటి సీజన్ సీనియర్ లీడర్‌తో జతగా పంపమని అడగాలి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. ఇంకో టాయిలెట్ టెంట్ ఒక కంచర గాడిద మీద పట్టేస్తుంది.

ఆడవాళ్లు ఈ పనికి రారు అనే మాట ఎవరైనా అంటే నమ్మకండి. లద్దాఖ్‌లో థిన్లస్ చోరోల్ అనే ఆవిడకి, ఆడ గైడ్ అనేసరికి ఏజెన్సీలు పని ఇవ్వలేదు. 2009లో లేహ్‌లో సొంతంగా లద్దాఖీ ఉమెన్స్ ట్రావెల్ కంపెనీ పెట్టింది, అందులో గైడ్లూ పోర్టర్లూ అందరూ ఆడవాళ్లే. నేపాల్‌లోని పోఖరాలో ముగ్గురు అక్కచెల్లెళ్లు 1990ల నుంచే ఆడ గైడ్లతో ట్రెక్కులు నడుపుతున్నారు. మగ గైడ్లతో ఇబ్బంది పడ్డామని వచ్చిన పర్యాటకురాళ్ల గోడు విని మొదలుపెట్టారు వాళ్లు. మన దేశంలో బచేంద్రి పాల్ 1984లో ఎవరెస్ట్ ఎక్కి ఊరుకోలేదు, జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ నడిపి తర్వాతి వాళ్లకి దారి చేసింది. ఆడవాళ్లతో కలిసి పనిచేయాలని ఉంటే పాపకి ఇలాంటి చోట్లు కూడా చూపించండి.

మగవాళ్ల మధ్య అన్న భయం గురించి సూటిగా చెప్తాను, అది ఉత్త భయం కాదు. 2013లో వచ్చిన పని చోట లైంగిక వేధింపుల చట్టం ఆఫీసు గదికే పరిమితం కాదు, ఉద్యోగం మీద వెళ్లిన ఏ చోటైనా, కంపెనీ ఏర్పాటు చేసిన బండైనా పని చోటే. అంటే క్యాంపు టెంటూ జీపూ కూడా. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే కంపెనీలో అంతర్గత కమిటీ ఉండి తీరాలి, అంతకంటే చిన్నదైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఆ కమిటీలో ఎవరున్నారో పేర్లు అడగండి. పాపకి ఇంకో మాట చెప్పండి: ఏదైనా జరిగితే నాతో చెప్పు, చెప్పినందుకు ఉద్యోగం మాన్పించను అని. పిల్లలు దాచేది ఎక్కువగా ఆ మాన్పించేస్తారన్న భయంతోనే.

ప్రమాదం లేదని నేను అబద్ధం చెప్పను. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర మంచు విరిగిపడి, పాప చదివిన ఆ సంస్థ అడ్వాన్స్ కోర్సు జట్టులో 29 మంది పోయారు. అందులో సవితా కంస్వాల్ ఉంది, అదే ఏడాది మేలో 16 రోజుల తేడాలో ఎవరెస్ట్, మకాలు శిఖరాలు ఎక్కిన అమ్మాయి, అక్కడ ఇన్‌స్ట్రక్టర్. అది తాళ్లతో ఎక్కే పెద్ద శిఖరం, ట్రైనీగా పాప వెళ్లేది కేదార్‌కాంత లాంటి మామూలు నడక దారులకి, రెండూ ఒకటి కాదు. అయినా మంచూ వానా కొండచరియలూ ఉంటాయి. అందుకే వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ అనే ప్రథమ చికిత్స కోర్సు చేయించండి. వారం పది రోజులది, ఖర్చుతో కూడింది, కానీ ఎంబీఏ ఫీజుతో పోలిస్తే ఏమంత కాదు, ఇది ఉన్న లీడర్‌కి విలువ కూడా ఎక్కువ.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది మోసపోతున్నారు. మీ ఇంటి హెల్త్ పాలసీ తీసి మినహాయింపుల పేజీ చూడండి, వృత్తిగా సాహస క్రీడల్లో పాల్గొంటే అయ్యే చికిత్స ఖర్చు చాలా పాలసీల్లో ఇవ్వరు, పర్వతారోహణా రాక్ క్లైంబింగూ పేరు పెట్టి మరీ రాసి ఉంటాయి. మీ పాలసీలో పాప పేరుంది కదా అని ధీమాగా ఉండొద్దు. కంపెనీ ఉద్యోగుల కోసం తీసుకున్న పాలసీ కాపీ అడగండి, అందులో ఎత్తు పరిమితి ఎంతో, హెలికాప్టర్‌లో దించితే ఆ ఖర్చు ఎవరిదో చూడండి.

డబ్బు సంగతికొస్తే, మొదటి రెండేళ్లు సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చితే బాధే మిగులుతుంది. ఏడాది పొడవునా పని ఉండకపోవచ్చు, వానాకాలంలో ఉత్తరాఖండ్‌లో చాలా దారులు మూస్తారు. ఆ నెలల్లో జీతం ఇస్తారా, రోజు లెక్కా అన్నది ముందే తెలుసుకోవాలి. మీరు చేయగల పెద్ద సాయం ఇక్కడే ఉంది, ఆరు నెలల గది అద్దే కాస్త చేతి ఖర్చూ పాప పేరు మీద బ్యాంకులో వేసి ఉంచండి. చేతిలో పైసా లేకపోతే పిల్లలు చెడ్డ చోట కూడా ఉండిపోతారు.

ఎంబీఏ కావాలంటే రెండు మూడేళ్ల తర్వాత చేయొచ్చు. నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఐఐటీటీఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం అండ్ ట్రావెల్ మేనేజ్‌మెంట్) క్యాంపస్ ఉంది, టూరిజంలోనే ఎంబీఏ ఉంది. కొండ మీద పనిచేసి వచ్చిన పిల్ల అక్కడ చదివితే రేపు బేస్ క్యాంప్ మేనేజర్‌గానో, స్కూలు పిల్లల అవుట్‌డోర్ క్యాంపులు నడపడానికో, సొంతంగా కంపెనీ పెట్టడానికో పనికొస్తుంది. మోకాళ్లు అన్నేళ్లూ ఒకేలా ఉండవు కాబట్టి ఆ దారి ఇప్పుడే అనుకుని ఉంచడం మంచిది. పెళ్లి గురించి మీరు రాయలేదు కానీ బంధువుల మాటల వెనక ఉన్నది అదేనని నాకు తెలుసు. ఇరవై రెండేళ్లే కదమ్మా, దాని ఉద్యోగం ఇష్టపడే వాళ్లనే చూద్దురు గాని.

ఇక మీ ఆయన. వాదించి లాభం లేదు. ఒక ఆదివారం ముగ్గురూ కలిసి భువనగిరి వెళ్లండి, పాపని తనకి నేర్పిన సార్‌ని కలిసి ఒక గంట తాడు మీద ఎక్కమనండి. కింద తాడు పట్టుకునే పిల్లలు ఉంటారు, వాళ్లకి ముడి ఎలా వేయాలో, నడుముకి బిగించే పట్టీని, అదే హార్నెస్‌ని, రెండోసారి ఎందుకు లాగి చూడాలో పాప చెప్తుంటే ఆయన పక్కనే నిలబడి వినాలి. దుకాణంలో రైతుకి ఏ మందు ఎంత కలపాలో జాగ్రత్తగా చెప్పే మనిషి కదా, ఆ జాగ్రత్త కూతురిలో కనబడితే ఆయనకి అర్థమవుతుంది.

ట్రెక్ మీద సిగ్నల్ ఉండదు, నాలుగైదు రోజులు ఫోన్ రాకపోతే గాభరా పడకుండా బేస్ క్యాంప్ నంబరు, అక్కడి మేనేజర్ పేరు రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఆఫర్ లెటర్ వచ్చాక సంతకం పెట్టకముందే ఫొటో తీసి నాకు పంపండి, సెలవులూ ఇన్సూరెన్సూ వానాకాలం జీతం గురించి ఏం రాశారో చూసి చెప్తాను.