కొత్త హాకీ స్కేట్స్ కాళ్లను నొక్కేస్తుంటే పెద్ద సైజుకు మారాలా?

మీరు రాసింది చదువుతుంటే నా మొదటి సీజనే గుర్తొచ్చిందండి. కొత్త ఐస్ హాకీ స్కేట్స్ వేసుకుని ఇరవై నిమిషాలు ఆడేసరికి అరికాలు మంట, చీలమండ లోపలి ఎముక దగ్గర నొప్పి, వేళ్లు తిమ్మిరి, ఒక సైజు పెద్దవి తీసుకుంటే సరిపోతుందా అని అడిగారు. దయచేసి సైజు జోలికి ఇప్పుడే వెళ్లకండి. నేను సరిగ్గా ఆ పనే చేశాను. పెద్ద జతలో వేళ్లకు హాయిగానే ఉంది కానీ మడమ లోపల పైకీ కిందకీ ఆడటం మొదలైంది, దాన్ని ఆపాలని లేసులు ఇంకా బిగించాను, బిగించేకొద్దీ అరికాలి మంట ఎక్కువైంది, పైగా మడమ వెనక బొబ్బలు లేచి చితికిపోయి సాక్సుకు అంటుకుపోయేవి. నీళ్లతో తడిపితే తప్ప సాక్సు ఊడి వచ్చేది కాదు. ఒక సీజన్ మొత్తం అలాగే పోయింది.

ముందు సైజు నిజంగా తప్పో కాదో తేల్చుకోండి. హాకీ స్కేట్ సైజు మనం రోజూ వేసుకునే బూటు సైజు కంటే సాధారణంగా 1 నుంచి 1.5 తక్కువ ఉంటుంది, కాబట్టి అంకె చూసి కంగారు పడక్కర్లేదు. లేసులు కట్టుకుని నిటారుగా నిలబడితే వేళ్ల చివరలు ముందు క్యాప్‌కు తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచి ఆడే భంగిమలోకి వస్తే మడమ వెనక్కి జరిగి కూర్చుని, వేళ్లు క్యాప్ నుంచి కాస్త విడిపోవాలి. వంచాక కూడా వేళ్లు ముడుచుకునే ఉంటే అప్పుడు చిన్నవని ఒప్పుకోవచ్చు.

చాలామందికి తేడా వచ్చేది పొడవులో కాదు, వెడల్పులో, లోతులో. ఈ సంగతి నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. స్కేట్స్ చేసే కంపెనీల్లో బావర్‌లో ఫిట్ 1, 2, 3 అనీ, సీసీఎంలో టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అనీ ఒకే సైజులో మూడు ఆకారాలు ఉంటాయి. ఇన్‌సోల్, అంటే బూటు లోపల అరికాలి కింద ఉండే పొర, బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెన వేలి వైపు పాదం ఇన్‌సోల్ అంచు దాటి బాగా బయటికి వస్తుంటే మీ వేళ్ల తిమ్మిరికి కారణం దాదాపు అదే. లోతు చూడటానికి పెన్సిల్ చాలు. స్కేట్‌లో కాలు పెట్టి, మడమ వెనక్కి తన్ని, లేసులు బాగా వదులు చేసి, వాటి కింద ఉండే మెత్తటి నాలుకను ముందుకు లాగేసి, పైనుంచి మూడో కన్నాల జత మీద పెన్సిల్‌ను అడ్డంగా పెట్టండి. రెండు అంచుల మీదా బల్లపరుపుగా ఆనితే లోతు సరిపోయినట్టే. మధ్యలో పాదానికి తగిలి అటూ ఇటూ ఊగుతుంటే ఆ బూటు మీ పాదానికి లోతు తక్కువ.

ఇవన్నీ బాగానే ఉంటే తర్వాత చేయించాల్సింది బేకింగ్, అంటే బూటును వేడి చేసి కాలి ఆకారానికి తీసుకురావడం. మీరు చేయించారో లేదో రాయలేదు. షాపులో దీనికోసం ప్రత్యేకంగా ఓవెన్ ఉంటుంది, దాదాపు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొద్ది నిమిషాలు ఉంచుతారు, కచ్చితమైన లెక్క మోడల్‌ను బట్టి మారుతుంది. ఇంట్లో ఓవెన్‌లో పెట్టమని కొందరు సలహా ఇస్తారు, నేను మాత్రం వద్దనే అంటాను, ఇంటి ఓవెన్‌లో వేడి ఒక్క తీరుగా ఉండదు, ఎక్కువైతే జిగురు ఊడిపోతుంది. వేడి బూటు కూర్చునే వేసుకోవాలి, మడమను వెనక్కి తన్ని లేసులు కట్టుకుని పది పదిహేను నిమిషాలు కదలకుండా ఉండాలి. మెత్తబడిన బూటులో లేచి నిలబడితే ఆకారం పక్కకు వాలిపోతుంది. ఆ తర్వాత 24 గంటలు ఐస్ మీదకు వెళ్లకండి.

చీలమండ ఎముక నొప్పి ఒక్కోసారి బేకింగ్‌తో పూర్తిగా పోదు, నాకు పోలేదు. మేం ఆడే ఐస్ మైదానం, అదే రింక్ దగ్గర స్కేట్స్ సానబట్టే ఆయన నాకు లిప్‌స్టిక్ తెమ్మన్నారు. నొప్పి పుట్టే ఎముక కొస మీద లిప్‌స్టిక్ రాసి, సాక్సు లేకుండా జాగ్రత్తగా కాలు పెట్టించి, లేసులు కట్టించి వెంటనే విప్పించారు. లోపలి గుడ్డ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ పడింది. నేను చేత్తో తడిమి ఇక్కడ నొక్కుతోంది అనుకున్న చోటికి అది బొటనవేలు వెడల్పంత కింద ఉంది. సరిగ్గా ఆ మచ్చ మీదే ప్రెస్ పెట్టి బయటికి ఉబ్బించారు, దీన్నే పంచింగ్ అంటారు. ఆ మర్నాడు గంటన్నర ఆడాను, ఆ ఎముక ఉన్న సంగతే గుర్తు రాలేదు. అందుకే నొప్పి ఎక్కడ అంటే వేలితో చూపించి ఊరుకోకండి, మచ్చ పెట్టి చూపించండి.

అరికాలి మంటకు మాత్రం బూటు కంటే లేసులే ఎక్కువ కారణం. మనం కింది నుంచి పైదాకా ఒకే బిగువుతో లాగేస్తాం. వేళ్ల దగ్గరి మూడు నాలుగు కన్నాలు కాస్త వదులుగా, పాదం వంపు మీద పట్టీ పట్టనట్టు, చీలమండ మలుపు దగ్గర గట్టిగా కట్టి చూడండి. మడమ కదలకుండా పట్టుకునేది ఆ మలుపు దగ్గరి బిగువే. కొత్తగా నేర్చుకునేటప్పుడు పడిపోతామన్న భయంతో తెలియకుండానే వేళ్లతో నేలను పట్టుకున్నట్టు బిగదీస్తాం, దాంతో కూడా అరికాలు పట్టేస్తుంది, కొన్ని వారాలకు అదే తగ్గుతుంది. మందపాటి సాక్సులు వేసుకుంటుంటే మానేయండి, పల్చటి సాక్సే మేలు. పాదం వంపు బాగా చదునుగా ఉన్నా, బాగా ఎత్తుగా ఉన్నా, స్కేట్‌తో వచ్చిన పల్చటి ఇన్‌సోల్ తీసేసి ఆసరా ఉన్నది వేసుకుంటే తేడా తెలుస్తుంది.

మీరు అడగలేదు గానీ, చీలమండ ముందు వైపు లేసులు కోస్తున్నట్టు నొప్పి మొదలైతే పై కన్నం వదిలేసి కట్టండి, నాలుక కింద జెల్ ప్యాడ్ పెట్టుకోండి. దాన్ని ఓర్చుకుని ఆడొద్దు, లోపల వాపు వస్తే తగ్గడానికి వారాలు పడుతుంది. అలాగే లేసులు విప్పి చాలాసేపు అయ్యాక కూడా వేళ్ల తిమ్మిరి వదలకపోతే డాక్టర్‌కు చూపించండి.

కొత్త బూటు కాలికి అలవాటు పడటానికి ఐస్ మీద ఆరు నుంచి పది గంటలు పట్టడం మామూలే, మీరింకా అందులో సగం కూడా ఆడినట్టు లేరు. అయినా ఈ రాత్రికే పెన్సిల్ పెట్టి చూడండి. అది ఊగితే మాత్రం బేకింగ్ చేయించకుండా ముందు షాపుకు వెళ్లి లోతు ఎక్కువున్న ఫిట్‌కు మారుస్తారేమో అడగండి, ఎందుకంటే ఒకసారి వేడి చేసిన జతను చాలా చోట్ల వెనక్కి తీసుకోరు.