నాటకంలోని స్వగతం టీవీ తెర మీద ఏమవుతుంది?

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక పాఠకురాలు): మా కళాశాల నాటక బృందానికి నేను నాటికలు రాస్తుంటాను. స్వగతం, ఒకే నటుడు పలు వేషాలు వేయడం వంటివి వేదిక మీద పండినా తెర మీద కృతకంగా ఉంటాయని మా గురువుగారు అంటారు. వాటినే టీవీలోకి తీసుకువెళ్లి మెప్పించిన నాటక రచయితలు ఉన్నారా? ఉంటే అది ఎలా సాధ్యమైంది?

జవాబు: మీ గురువుగారి మాటలో నిజం లేకపోలేదు. మీ ఊరి బొంకుల దిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా నిలబడి, పూటకూళ్లమ్మ ఇచ్చిన ఇరవై రూపాయలు ఏమయ్యాయో మనకు చెప్పుకుంటుంటే ‘ఇతను ఎవరితో మాట్లాడుతున్నాడు’ అని ఏ ప్రేక్షకుడూ అడగడు, ఎందుకంటే టికెట్టు కొని కుర్చీలో కూర్చున్నప్పుడే ఆ ఒప్పందానికి తలవంచి ఉంటాడు. టీవీ కెమెరా నిజమైన ఇంట్లోకి, నిజమైన వంటగదిలోకి వెళుతుంది కనుక అక్కడ ఆ ఒప్పందం తనంతట తాను కుదరదు. రచయిత దానికి కథలోనే ఒక కారణం కల్పించాలి.

బ్రిటన్‌కు చెందిన ఫీబీ వాలర్-బ్రిడ్జ్ చేసిన పని అదే. ఆమె రాసి, ఒంటరిగా నటించిన ‘ఫ్లీబాగ్’ 2013లో ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవంలో ప్రదర్శితమైంది. అక్కడ వేదిక మీద ఉన్నది ఆమె ఒక్కతే కాబట్టి ప్రేక్షకులతో మాట్లాడటం తప్ప వేరే దారి లేదు. 2016లో బీబీసీ ధారావాహికగా వచ్చేసరికి అక్క, తండ్రి, సవతి తల్లి కాబోతున్న స్త్రీ అందరూ ఎదురుగా ఉన్నారు. అయినా ఆమె ఏకపాత్ర అలవాటును వదల్లేదు; భోజనాల బల్ల దగ్గర అక్క మాట పూర్తికాకముందే కెమెరా వైపు ఓ కొంటె చూపు విసిరి, అదే ఊపులో సంభాషణలోకి తిరిగి వస్తుంది. మొదట అది హాస్యం కోసమే అనిపిస్తుంది, కానీ కథ నడిచేకొద్దీ చనిపోయిన స్నేహితురాలి గురించిన ఒక నిజాన్ని దాటవేయడానికే ఆమె మన వైపు తిరుగుతోందని అర్థమవుతుంది. 2019లో వచ్చిన రెండో భాగంలో ఆమె ప్రేమించిన మతాచార్యుడు, ఆమె ఒక్క క్షణం పక్కకు తిరగగానే, ఎక్కడికి వెళ్లావని అడుగుతాడు. ఆ దృశ్యం నాకు ఎంతో ఇష్టం. నాటకంలో లేని ఆ ప్రశ్న టీవీలో సాధ్యం కావడానికి కారణం, అక్కడ ఆమెను గమనించే మరో మనిషి ఉండటమే.

ఇక పలు వేషాల సంగతి. అమెరికన్ నాటక రచయిత టోనీ కుష్నర్ ఎయిడ్స్ రోగుల చుట్టూ అల్లిన తన ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’ను 2003లో అక్కడి టీవీ సంస్థ హెచ్‌బీవో కోసం తానే తెరకు మలిచారు, దర్శకుడు మైక్ నికొల్స్. మూలనాటకంలో ఎనిమిది మంది నటులే అన్ని పాత్రలూ వేస్తారు. టీవీకి అటువంటి పొదుపు అవసరం లేదు, కావలసినంత మందిని పెట్టుకోవచ్చు. అయినా గడ్డం పెట్టుకున్న ముసలి యూదు పురోహితుడిగా, మోర్మన్ మతస్థురాలైన తల్లిగా, సోవియట్ యూనియన్‌కు గూఢచర్యం చేసిందన్న కేసులో 1953లో మరణశిక్షకు గురైన ఎథెల్ రోజెన్‌బర్గ్ ప్రేతంగా మెరిల్ స్ట్రీప్ ఒక్కరే కనిపిస్తారు. ఎథెల్‌కు శిక్ష పడేలా చూసిన న్యాయవాది రాయ్ కోన్ మరణశయ్య దగ్గర నిలబడిన ఆమె ప్రేతం ముఖమూ, ముక్కూ మొహమూ తెలియని ఎయిడ్స్ రోగికి అండగా నిలిచిన ఆ తల్లి ముఖమూ ఒకటే అని గుర్తుపట్టినప్పుడు, వేదిక మీద పొదుపుగా చెలామణి అయ్యే ఏర్పాటు తెర మీద అర్థాన్ని మోయడం మొదలుపెడుతుంది.

అదే రచనలో ఒకచోట మాత్రం టీవీ ఓడిపోయిందని నా అభిప్రాయం. ఇంటి పైకప్పు బద్దలు కొట్టుకుని దేవదూత దిగే ఘట్టంలో, తీగలు కనిపించినా ఫరవాలేదని, అయితే ప్రేక్షకుడు అబ్బురపడాలని కుష్నర్ తన నాటకంలో సూచించారు. సురభి వారి నాటకంలో పాత్రలు తాళ్ల మీద గాలిలో తేలుతుంటే, ఆ తాళ్లను చూస్తూనే నోరు వెళ్లబెట్టినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. తెర మీద తీగలు మాయమయ్యాయి, వాటితోపాటు ఆ ఆనందంలో సగం కూడా పోయింది.

ప్రశ్న (డాలస్ నుంచి ఒక పాఠకుడు): మా తెలుగు సంఘం వేదిక మీద రెండు ఇళ్లలోని గొడవలను ఏకకాలంలో నడిపిస్తూ నాటిక వేశాం. దానినే వీడియోగా తీయాలంటే ఎలా రాసుకోవాలి?

జవాబు: పైన చెప్పిన ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’లోనూ ఇటువంటి ఘట్టమే ఉంది. ఒక పక్క భార్యాభర్తలు ఇంట్లో విడిపోతుంటారు, మరో పక్క ఆసుపత్రిలో ఒక ప్రేమికుడు రోగిని వదిలి వెళుతుంటాడు. ఇక్కడి మాట అక్కడి మాటకు అడ్డం పడుతూ నాలుగు గొంతులూ పెనవేసుకుంటాయి. టీవీలో అది ఒక చోటి నుంచి మరో చోటికి మారే దృశ్యాలుగా మారింది. వేదిక మీద మాట్లాడనివారి మౌనాన్ని చూడాలా వద్దా అన్నది ప్రేక్షకుడి ఇష్టం. తెర మీద ఆ ఎంపిక ఎడిటర్ చేతిలో ఉంటుంది. కాబట్టి మీ రాతప్రతిలో ప్రతి సంభాషణ పక్కనా ఆ క్షణంలో ఎవరి ముఖం కనిపించాలో రాసుకోండి; చాలాచోట్ల అది మాట్లాడేవారిది కాక వినేవారిది కావాలి. ఒక ఇంటి చిత్రం మీద మరో ఇంటి గొంతు రెండు మూడు మాటల సేపు కొనసాగనివ్వండి. రెండు ఇళ్లలోనూ ఒకేసారి పలికే మాట ఏదైనా ఉంటే అక్కడ తెరను నిలువునా రెండుగా చీల్చి చూపవచ్చు, కానీ నాటిక పొడుగునా అదే పని చేస్తే కన్ను అలసిపోతుంది.