పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టేయొచ్చా అన్న తమ్ముడికి

"అన్నా, ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వస్తున్నాను. మొదటి సెమిస్టర్ ఫీజు లోన్‌లో సర్దాం. దిగాక పార్ట్‌టైమ్ చేసి రెండోది కట్టేసుకోవచ్చంటున్నారు, నిజమేనా?" అని అడిగావు.

నిజం కాదు తమ్ముడూ. నీకు చెప్పినవాళ్లు కాగితం మీద లెక్క వేసి ఉండరు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద మొదటి విద్యాసంవత్సరం క్యాంపస్ బయట పని చేయకూడదు. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే. గంటకు 10 డాలర్లు అనుకుంటే వారానికి 200. అద్దె, సరుకులు, ఫోను, బస్సు అందులోనే. ఫీజుకి మిగిలేదేముంది?

ఆ పని కూడా దిగిన రోజే దొరకదు. నేనూ నీలాగే ధీమాగా వచ్చాను. అప్లై చేసిన ప్రతిచోటా సీనియర్లు ముందే ఉన్నారు. ఎట్టకేలకు డైనింగ్ హాల్ వెనక డిష్ రూమ్‌లో దొరికింది. ఆ ఆఫర్ లెటర్ పట్టుకుని సోషల్ సెక్యూరిటీ నంబరుకు వెళ్లి, మొదటి జీతం అందేసరికి సెమిస్టర్ సగం అయిపోయింది. బెల్టు మీద ట్రేలు ఆగకుండా వస్తుంటాయి. ఎంగిలి దులిపి, ప్లేట్లు ఒక ర్యాక్‌లో, గ్లాసులు ఒక ర్యాక్‌లో సర్ది, ఆవిరి కక్కే మెషిన్‌లోకి తోయాలి. షిఫ్టు దిగేసరికి వేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడేవి. శనివారం రాత్రి షిఫ్టు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నేనే అడిగి తీసుకునేవాణ్ణి. ఇప్పటి పిల్లలు అలా అడగడం తక్కువే చూస్తున్నాను.

ఈలోగా అక్కడ లోన్ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈఎంఐ మొదలుకాలేదు కదా అని చాలామంది అటు చూడరు. 30 లక్షలు 11 శాతానికి తెస్తే ఏడాదికి 3 లక్షల 30 వేలు, నెలకు 27,500. నువ్వు క్లాసులో కూర్చున్నా, నిద్రపోతున్నా పెరిగేదే. మొదటి ఏడాది నేను ఆ స్టేట్‌మెంటే తెరవలేదు. తెరిచిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న పేరు మీద ఉన్న అప్పది. తర్వాత ప్రతి జీతంలోంచి ముందు దానికే పంపాను. మొత్తం తీర్చేశాను కాబట్టే చెప్తున్నాను.

క్యాష్ జాబ్ ఊసు ఎత్తకు. అనుమతి లేని పని బయటపడితే వీసా స్టేటస్ పోతుంది. నాతో ఉన్న ఒకబ్బాయికి నెలన్నర కూలి ఎగ్గొట్టారు, ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

సీపీటీ (చదువుతుండగా కోర్సులో భాగంగా చేసే పని), ఓపీటీ (చదువయ్యాక అదే రంగంలో చేసే పని) రూల్స్ మీ యూనివర్సిటీ సైట్‌లో ఉంటాయి, చదువుకో. ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు అయితే మరో 24. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. వాళ్లు చెప్పని డబ్బు సంగతి నేను చెప్తాను. ఉద్యోగం వచ్చాక పే స్టబ్‌లో (జీతం చీటీలో) సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని, అంటే ప్రభుత్వ పింఛనుకీ వైద్య బీమాకీ, కోస్తున్నారేమో చూడు. ఎఫ్-1 విద్యార్థికి మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు ఆ కోత ఉండకూడదు, ఓపీటీలో కూడా. డిసెంబరులో దిగినా ఆ ఏడాది ఒకటిగా లెక్కే. ఆ రెండూ కలిపి 7.65 శాతం, అంటే నెలకు 5,000 డాలర్ల జీతం మీద 382 పైచిలుకు. నాకు నెలల తరబడి కోశారు. అందరికీ కోసేదే అనుకుని ఊరుకున్నాను. తెలిశాక కంపెనీని అడిగితే తిరిగి ఇచ్చేది లేదన్నారు. 843, 8316 ఫారాలు నింపి ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) పంపి రాబట్టుకున్నాను. పన్ను రిటర్న్ కూడా 1040 ఫారం కాదు, 1040-ఎన్ఆర్ వేయాలి. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21(2) కింద మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడని కొంత ఆదాయం) వస్తుంది, అది వదులుకోకు.

ఒంటరిగా అనిపిస్తుందా అని కూడా అడిగావు. అనిపిస్తుంది. రూమ్మేట్లు ఉంటారు, సర్దుకుంటుంది. చేతిలో డబ్బు లేని ఒంటరితనం వేరు, దాని గురించే నా భయం.

టికెట్ కొనకముందే నాన్నగారితో కూర్చో. మొదటి ఏడాది ఫీజు పూర్తిగా, దానిపైన నాలుగు నెలల ఖర్చు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే యూనివర్సిటీకి రాసి అడ్మిషన్ జనవరికి వాయిదా (డిఫర్) అడుగు, చాలాచోట్ల ఇస్తారు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), వీసా తేదీల సంగతి వాళ్ల ఇంటర్నేషనల్ ఆఫీసునే అడిగి తేల్చుకో.