హమ్మింగ్‌బర్డ్ ఫీడర్‌ను మార్చి మధ్యలోనే తగిలించండి

హమ్మింగ్‌బర్డ్ అనే చిన్న పిట్ట తాగడానికి పంచదార నీళ్ళు పోసి వేలాడదీసే ఫీడర్‌ను పెరట్లో ఏప్రిల్ చివర్లో పెడితే సరిపోతుందా, అందులోకి ఎర్ర రంగు ద్రావణం కొనాలా అని అడిగారు. మీలాగే నేనూ అమెరికాలోని నార్త్ కరోలినాలోనే, కేరీ పట్టణంలో ఉంటున్నాను. ఏప్రిల్ చివర అంటే బాగా ఆలస్యమవుతుంది. ఎర్ర రంగు అసలే వద్దు.

మన వైపు వచ్చే రూబీ త్రోటెడ్ జాతి పక్షి బరువు 3 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. మెక్సికోలోనూ మధ్య అమెరికాలోనూ చలికాలం గడిపిన ఈ పక్షుల్లో చాలా వరకు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా దాదాపు 800 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరి వస్తాయి. మగవి ముందుగా, మార్చి నెలాఖరు నుంచే ఇక్కడ కనిపిస్తాయి. అంత దూరం ఎగిరి అలసిన ప్రాణికి వచ్చిన రోజే ఆహారం సిద్ధంగా ఉండాలన్నది నా పట్టుదల.

ఒక ఏడాది శ్రీరామనవమి ఉదయం పానకం కలుపుతున్న మా అత్తగారు కిటికీలోంచి చూసి, "ఇదేమిటమ్మా, తేనెపిట్ట గాలిలో నిలబడింది!" అన్నారు. అది ఆ వసంతంలో మాకు కనిపించిన మొదటి మగపక్షి. నల్లగా ఉన్నట్టున్న దాని గొంతు, తల కాస్త తిప్పి ఎండ పడగానే నిప్పుకణికలా మెరిసింది. ఒక గుక్క తాగి, జానెడు వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకు వచ్చి తాగింది. ఆమె ముచ్చటపడి దానికీ కాస్త పానకం పోద్దామన్నారు గానీ, బెల్లంలోని ఇనుము వాటికి హాని చేస్తుంది కనుక నేను ఒప్పుకోలేదు. తేనె నీళ్ళకు త్వరగా బూజు పడుతుంది, అదీ వద్దు. ఒక వంతు తెల్ల పంచదార, నాలుగు వంతుల నీళ్ళు చాలు. ఎండలు ముదిరాక రెండు మూడు రోజులకోసారి ఫీడర్ కడిగి కొత్తగా నింపండి. పక్షిని ఆకర్షించడానికి ఫీడర్‌కున్న ఎర్ర మూతే సరిపోతున్నప్పుడు, దుకాణాలు ఇంకా రంగు నీళ్ళు అమ్మడం అన్యాయం.

అంతకంటే నన్ను బాధించేది దోమల మందు. మా కాలనీలో ఒక పక్క ఫీడర్ వేలాడదీసి, మరో పక్క పెరడంతా మందు కొట్టించేవారున్నారు. తల్లిపక్షి పిల్లలకు పెట్టేది చిన్న పురుగులనూ సాలెపురుగులనూ. గూడు అల్లేది సాలెపట్టుతో. వాటిని చంపేసి పంచదార నీళ్ళు పోస్తే ఏం లాభం? ఆ మందు మానేసి, కంచె వెంట ఇక్కడి నేలదే అయిన కోరల్ హనీసకిల్ తీగ నాటండి. పక్షులు వచ్చే వేళకే అదీ పూతకు వస్తుంది.